అన్నకు రెండు మాటలు, తమ్ముడికి పిలుపే లేదు: జపనీస్ తోబుట్టువుల లెక్క

అనిమే, అంటే జపనీస్ కార్టూన్లు, చూసే పిల్లలున్న ఇంట్లో ‘ఒనీచన్’ అన్న మాట చెవిన పడకుండా ఉండదు. అన్నయ్య అని అర్థమని వాళ్లే చెప్పేస్తారు. తికమక ఆ తర్వాత మొదలవుతుంది. ఇంట్లో ‘ఒనీచన్’ అని పిలిచే అమ్మాయే పెద్దయ్యాక ఆఫీసులో అదే అన్న గురించి చెప్పేటప్పుడు ‘అని’ అంటుంది. ఆ అన్న మాత్రం చెల్లెల్ని ఒక్కసారి కూడా ‘చెల్లీ’ అనడు, పేరు పెట్టే పిలుస్తాడు. కన్నతల్లే కొడుకుని ‘ఒనీచన్’ అంటుంది. ముక్కూమొహం తెలియని కుర్రాణ్ణి వీధిలో ఎవరో ‘ఒనీసన్’ అని కేకేస్తారు. జపాన్‌లో ఉద్యోగం కోసం భాష నేర్చుకుంటున్న మనవాళ్లకి ఇదింకో రకం టెన్షన్. నాలుగు మాటలూ బట్టీపట్టేస్తారు, తీరా ఇంటర్వ్యూలో వాడకూడని మాట వాడేస్తారు.

మాటలు కష్టమైనవి కావు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి ముందు, ఇంట్లో ఎవరి వైపు నుంచి అన్నదాన్ని బట్టి అవి మారిపోతుంటాయి. చిక్కంతా అక్కడే ఉంది.

## నాలుగు గళ్లు మనకు తెలిసినవే

బ్రదర్, సిస్టర్ అన్న రెండు మాటలతో సరిపెట్టుకునే ఇంగ్లిష్‌వాళ్లకి జపనీస్ మొదటి పాఠంలోనే తడబాటు తప్పదు. మనకా బాధ లేదు. తెలుగులాగే జపనీస్ కూడా ఆడా మగా అన్నదాంతో పాటు పెద్దా చిన్నా అన్నదీ చెప్పి తీరుతుంది. అన్న ‘అని’, అక్క ‘అనె’, తమ్ముడు ‘ఒతోతో’, చెల్లెలు ‘ఇమోతో’. ఇంటర్నెట్‌లో ఒటోటో, ఇమోటో అని కనిపించేవి కూడా ఇవే. జపనీయులు పలికే తీరు మన త, ద లకే దగ్గర కాబట్టి ఇక్కడ అలా రాస్తున్నాను. ‘అని’, ‘అనె’ మాత్రం తెలుగు వాక్యంలో కలిసిపోయి పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తాయి, అందుకే వాటికి కోట్స్ తగిలించక తప్పదు.

ఇద్దరన్నలుంటే మనం పెద్దన్నయ్య, చిన్నన్నయ్య అంటాం. వాళ్లు ‘ఉఎ నొ అని’, ‘షిత నొ అని’ అంటారు, అంటే పై అన్న, కింది అన్న. చిన్నపిల్లలైతే ‘ఓకీ నీచన్’, ‘చీసై నీచన్’ అని పెద్దా చిన్నా చేర్చి పిలుస్తారు.

పోలిక ఇక్కడితో సరి. మనకు బాబాయి పిల్లలూ పెద్దమ్మ పిల్లలూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. మేనత్త, మేనమామ పిల్లలయితే బావలు, మరదళ్లు. జపనీస్‌లో వీళ్లందరికీ కలిపి ‘ఇతొకొ’ అన్న ఒక్క మాటే. తోబుట్టువులు అంటే ఒకే తల్లిదండ్రుల పిల్లలు, అంతే.

## ఇంట్లో ఒక మాట, బయటివాళ్ల ముందు ఇంకొకటి

‘అని’ అంటే అన్న, ‘ఒనీసన్’ అన్నా అన్నే. తేడా మర్యాదలో ఉంది. ‘నీ’ అన్నది అన్నను సూచించే ముక్క. ముందు తగిలిన ‘ఒ’, చివరి ‘సన్’ రెండూ గౌరవం కోసం చేర్చినవి. ‘సన్’ బదులు ‘చన్’ పెడితే ముద్దు, ‘సమ’ పెడితే అతిమర్యాద. ‘ఒ’ తీసేసి ‘నీసన్’, ‘నీచన్’ అంటే చనువు. అక్కకి కూడా ఇదే వరస: ఒనేసన్, ఒనేచన్, నేసన్, నేచన్.

అన్నను ఎదురుగా పిలిచేటప్పుడు గౌరవం చేర్చిన మాట వాడాలి. బయటివాళ్లకి సొంత అన్న గురించి చెప్పేటప్పుడు గౌరవం తీసేసి ‘అని’ అనాలి. ఎదుటివాళ్ల అన్న గురించి అడిగేటప్పుడు మళ్లీ ‘ఒనీసన్’. తమ్ముడూ చెల్లెలి విషయంలోనూ అంతే, సొంతవాళ్లయితే ఒతోతో, ఇమోతో, ఎదుటివాళ్ల తమ్ముడూ చెల్లెలూ అయితే ఒతోతోసన్, ఇమోతోసన్.

మనం ‘మా’, ‘మీ’ అని చేర్చి చెప్పేదాన్ని జపనీస్‌లో చాలాసార్లు ఆ మాటే మోస్తుంది. ఎవరైనా “అని వ తోక్యో ని ఇమస్” అంటే “మా అన్న టోక్యోలో ఉన్నాడు” అని అర్థం, ‘మా’ అని ఎక్కడా అనకపోయినా. “ఒనీసన్ వ?” అని అడిగితే “మీ అన్నయ్య ఎలా ఉన్నారు? ఎక్కడున్నారు?” అని సందర్భాన్ని బట్టి తెలుస్తుంది.

ల్యాండ్‌లైన్ ఉన్న ఇంటికి అక్క కోసం ఎవరో ఫోన్ చేశారనుకుందాం. అవతలివాళ్లు “ఒనేసన్ వ ఇరష్షైమస్ క?” అంటారు. అక్కయ్యగారు ఉన్నారా అని. ఫోనెత్తిన తమ్ముడు “హై, అనె వ ఒరిమస్” అంటాడు, ఆ, మా అక్క ఉంది అని. రిసీవర్ చేత్తో మూసి లోపలికి తిరిగి “నేచన్, దెన్వ!” అని అరుస్తాడు, అక్కా ఫోన్ అని. అర నిమిషంలో ఒకే అక్కకి మూడు మాటలు. పైగా మారింది పేరొక్కటే కాదు. ‘ఉన్నారా’ అని అడిగినప్పుడు క్రియ ‘ఇరష్షైమస్’, అది ఎదుటివాళ్లను పైకెత్తుతుంది. జవాబులో ‘ఒరిమస్’, అది మనవాళ్లను తగ్గిస్తుంది.

ఇక్కడే మన అలవాటు అడ్డొస్తుంది. బయటివాళ్ల దగ్గర “మా అన్నయ్యగారు” అంటే తెలుగులో ఎవరూ తప్పుపట్టరు, సంస్కారం అనుకుంటారు కూడా. జపనీస్‌లో బయటివాళ్ల ముందు మనవాళ్లకి గౌరవం తగిలించడం మనల్ని మనం పొగుడుకోవడంతో సమానం. ఈ పద్ధతి ఇంటికే పరిమితం కాదు. కస్టమర్‌తో మాట్లాడేటప్పుడు ఉద్యోగి తన బాస్ పేరుకి కూడా ‘సన్’ చేర్చడు. ఇంటర్వ్యూలో “మా ఒనీచన్” అన్న అభ్యర్థి తప్పు మాట్లాడినట్టు కాదు గానీ, పాతికేళ్లొచ్చినా చిన్నపిల్లాడిలా వినిపిస్తాడు. దోస్తుల మధ్య ఈ పట్టింపు లేదు. “ఉచి నొ నీచన్” (మా ఇంటి అన్నయ్య) అనో, మగపిల్లలైతే కాస్త స్టైల్‌గా ‘అనికి’ అనో అంటారు.

## రాత్రి భోజనాల దగ్గర ఒక ఇల్లు

ఒక ఇంట్లో మిసకికి 24, కెంతకి 17, యుఇకి 9 ఏళ్లనుకుందాం. మధ్యవాడు కుర్రాడు, మిగతా ఇద్దరూ ఆడపిల్లలు.

యుఇ అక్కవైపు తిరిగి “ఒనేచన్ మొ తబేరు?” అంటుంది. మాటకు మాట పెడితే “అక్క కూడా తింటుందా?” అని. అడుగుతున్నది మూడో మనిషి గురించి కాదు, ఎదురుగా ఉన్న అక్కనే, “నువ్వూ తింటావా?” అని. పైవాళ్లను ‘నువ్వు’ అనే సర్వనామంతో పిలవడం జపనీస్‌లో కుదరదు, ఆ చోటులో వరసే కూర్చుంటుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో ‘ఒనేచన్’ అన్న చోట తరచూ ‘మిసకి’ అని పేరు పడటానికి కారణం ఇంకొకటి, ఇంగ్లిష్‌లో అక్కను వరస పెట్టి పిలిచే అలవాటు లేదు. తెలుగులో ‘అక్కా’ అని నేరుగా పెట్టేయొచ్చు. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి దించినప్పుడే అది పోతుంది.

కెంత యుఇతో “ఒనీచన్ ని కషితె” అంటాడు, అన్నయ్యకి ఒకసారి ఇవ్వు అని. తనని తానే అన్నయ్య అనుకుంటున్నాడు. మన అన్నయ్యలూ అంటారు కాబట్టి వింతేం లేదు. కానీ యుఇ తిరిగి “చెల్లెలికి ఇవ్వు” అనలేదు. అలాంటి వాడుకే లేదు. తన పేరో, ‘వతషి’ అనో అనాలి. కెంత కూడా ఆమెను ‘ఇమోతో’ అని పిలవలేడు. ‘యుఇ’ అంటాడు, అంతే. మనం ‘తమ్ముడూ’, ‘చెల్లీ’, ‘తమ్మీ’, ‘చెల్లె’ అని నోరారా పిలుచుకుంటాం. జపనీస్‌లో ఆ మాటలు గురించి చెప్పడానికే ఉన్నాయి, పిలవడానికి కాదు.

ఇంతలో వంటింట్లోంచి అమ్మ “ఒనీచన్, చెల్లెలికి నీళ్లియ్యి” అన్న ధోరణిలో కెంతను పిలుస్తుంది. తన కొడుకు తనకి అన్న ఎలా అవుతాడు? ఆవిడ ఆ క్షణంలో యుఇ చూపుతో మాట్లాడుతోంది. భర్తను కూడా ‘ఒతోసన్’ అంటుంది, అంటే నాన్న. మన ఇళ్లలోనూ పెద్దవాణ్ణి అందరూ అన్నయ్య అనడం, భర్తను ‘చంటిదాని నాన్న’ వరసలో పిలవడం ఉంది. అయితే మనం ఎక్కువగా పిల్లలతో చెప్పేటప్పుడు అలా అంటాం. అక్కడ కొడుకు మొహం మీదే, రోజూ, మామూలు పిలుపుగా సాగుతుంది.

## చిన్నవాడి కళ్లతో చూసే ఇల్లు

ఈ అలవాటును ఒక పద్ధతిగా విడమరిచి చెప్పినవాళ్లలో భాషాశాస్త్రవేత్త సుజుకి తకఒ ముఖ్యులు. 1973లో ఆయన చెప్పినదాని సారం ఇది. కుటుంబంలో తనకి పైనున్నవాళ్లను వరసతో పిలవాలి, సర్వనామంతో పిలవకూడదు. కిందివాళ్లను పేరుతోనో సర్వనామంతోనో పిలవచ్చు, వరసతో పిలవకూడదు. పైవాళ్లు తమని తాము వరసతో చెప్పుకోవచ్చు, కిందివాళ్లు చెప్పుకోకూడదు. ఇంట్లో అందరికన్నా చిన్నవాణ్ణి కొలమానంగా పెట్టుకుని మిగతావాళ్ల వరసలు తేలతాయి.

దీని చివరి అంచు ఎంత దూరం పోతుందో చూడండి. పార్కులో ఒంటరిగా ఏడుస్తున్న నాలుగేళ్ల పిల్లాణ్ణి పెద్దవాళ్లు ‘బొకు’ అని పిలుస్తారు. బొకు అంటే మగపిల్లలు వాడే ‘నేను’. “నేనూ, ఎన్నేళ్లు?” అని ఎదుటివాణ్ణి అడిగినట్టుంటుంది. ఆ పిల్లాడు తనని తాను ఏమనుకుంటాడో పెద్దవాళ్లు అదే మాటతో వాణ్ణి పిలుస్తున్నారు.

సుజుకి వివరణ చాలా ఇళ్లకు అతికినట్టు సరిపోతుంది. కానీ దాన్ని వ్యాకరణ సూత్రంలా పట్టుకుంటే దెబ్బతింటాం. ఒకటి రెండేళ్ల తేడా ఉన్న తోబుట్టువులు పేర్లతోనే పిలుచుకునే ఇళ్లున్నాయి. ముద్దుపేర్లతో గడిచిపోయే ఇళ్లున్నాయి. ఆయన గీసింది మర్యాద ఎలా ఉండాలని జనం అనుకుంటారో దాని పటం. ప్రతి ఇల్లూ దాని ప్రకారమే నడుస్తుందని కాదు. ఎక్కడ తప్పుతుందన్నదే చెప్పదగ్గ విషయం: చిన్నవాళ్లు పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడం దాకా సడలింది గానీ, పెద్దవాళ్లు చిన్నవాళ్లను ‘ఒతోతో’ అని పిలవడం దాకా ఎప్పుడూ సడలలేదు.

## “అన్నయ్యవి కదా, ఓర్చుకో”

“ఒనీచన్ నన్ దకర, గమన్ షినసై.” అన్నయ్యవి కదా, ఓర్చుకో. రెండోబిడ్డ పుట్టిన ప్రతి జపనీస్ ఇంట్లో వినిపించే మాటే అంటే అతిశయోక్తి అనిపించదు. మూడేళ్లవాడు నిన్నటిదాకా పేరున్న పిల్లాడు, ఇవాళ హోదా ఉన్న మనిషి.

దీని మీద అక్కడి తల్లిదండ్రుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. పెద్దబిడ్డను వరసతో పిలిస్తే వాడికి పేరు పోయి బాధ్యత మిగులుతుంది, అందుకని ఇద్దర్నీ పేర్లతోనే పిలుస్తాం అనేవాళ్లు కొందరు. ‘ఒనీచన్’ అనిపించుకోవడం పిల్లలకి గొప్ప, చెల్లెలికి కూడా ఆ పిలుపు మనల్ని చూసే అలవాటవుతుంది, గొడవ ఆ మాటది కాదు ‘ఓర్చుకో’ అనడానిది అనేవాళ్లు ఇంకొందరు. రెండోవాళ్ల వాదనలో పస ఎక్కువని నాకనిపిస్తుంది. పేరుతో పిలుస్తూ కూడా పెద్దవాడి చేతే బొమ్మ వదిలించే అమ్మలు ఏ దేశంలోనైనా ఉంటారు.

పెద్దరికానికి ఒకప్పుడు చట్టం బలం కూడా ఉండేది. 1898 నాటి సివిల్ కోడ్ ప్రకారం ఇంటి యజమాని హోదా, ఆస్తి మామూలుగా పెద్దకొడుక్కే దక్కేవి. యుద్ధం తర్వాత 1947లో ఆ పద్ధతి రద్దయింది. జనన రికార్డులో మాత్రం పెద్దకొడుకు, రెండో కొడుకు, పెద్దకూతురు అని రాసే అలవాటు మిగిలింది. కొడుకుల లెక్క వేరు, కూతుళ్ల లెక్క వేరు. మూడోబిడ్డ అయినా మొదటి ఆడపిల్లయితే పెద్దకూతురే. ఇచిరో, జిరో, సబురో లాంటి పేర్లలో ఒకటి, రెండు, మూడు అంకెలు దాగున్నాయి. వాటిని నమ్ముకుని వరస లెక్కేస్తే మాత్రం పప్పులో కాలేస్తాం. బేస్‌బాల్ దిగ్గజం ఇచిరో సుజుకి ఇంటికి రెండో కొడుకు.

## పెద్ద అంటే ముందు పుట్టినవాళ్లేనా?

కవలల్లో ఎవరు పెద్ద? 1874లో మేజీ ప్రభుత్వం దీనిమీద ప్రత్యేకంగా ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది: ముందు పుట్టిన బిడ్డే అన్న లేదా అక్క. అంతకుముందు కొన్ని చోట్ల తర్వాత బయటికొచ్చిన బిడ్డనే పెద్దగా లెక్కేసేవారు. తోబుట్టువుల భాషలో సమానులకు చోటు లేదు కాబట్టి పది నిమిషాల తేడాకైనా ఎవరో ఒకరు పైన కూర్చోవాలి.

పెళ్లితో వచ్చే చుట్టరికాల్లో వయసు పక్కకు తప్పుకుంటుంది. అక్క భర్త మీకన్నా చిన్నవాడైనా ‘ఒనీసన్’ స్థానంలోనే ఉంటాడు. రాసేటప్పుడు వియ్యపు వరసను తెలిపే అక్షరం ఒకటి చేరుస్తారు, పలకడం మాత్రం సొంత అన్నను పిలిచినట్టే. అదే చెల్లెలి భర్త మీకన్నా పెద్దవాడైతే వరసకి తమ్ముడు, ఎదురుగా పిలవడానికి పేరు పక్కన ‘సన్’. ఈ ఇబ్బందికర చోటులో పేరే అందరికీ దిక్కు.

రక్తసంబంధం లేని చోట్లకు ఈ పెద్దరికం ఇంకా పదునుగా పాకింది. క్యోటోలో మైకోగా, అంటే గేషా విద్య నేర్చుకునే శిష్యురాలిగా, అడుగుపెట్టే అమ్మాయికి ఒక గేషా అక్క అవుతుంది. ఇద్దరూ సాకే (బియ్యంతో చేసే మద్యం) పాత్రలు మార్చుకుని ఆ బంధం కలుపుకుంటారు, కొత్తమ్మాయి పేరులో చాలాసార్లు ఆ అక్క పేరులోని ఒక అక్షరం చేరుతుంది. అక్కడ ముందు వచ్చినవాళ్లంతా ‘నేసన్’లే, వయసులో చిన్నవాళ్లయినా సరే. కూర్చుని కథలు చెప్పే రకుగొ కళాకారుల్లో కూడా గురువు దగ్గర ముందు చేరినవాడు అన్నశిష్యుడు. నలభై ఏళ్లప్పుడు చేరినాయన పాతికేళ్లవాణ్ణి ‘నీసన్’ అనాల్సిందే. యకూజా అనే నేరస్థుల ముఠాల్లో అనికి, తమ్ముడి హోదా అన్నవి కూడా సాకే పాత్రల మీద కుదిరే ఒప్పందాలే. సినిమాల పుణ్యమా అని ‘అనికి’ అనగానే చాలామందికి ముందు వాళ్లే గుర్తొస్తారు.

## వీధిలో అన్నలు, అక్కలు

కొట్టు ముందు నిలబడి పిలిచేవాళ్లు కుర్రాళ్లను ‘ఒనీసన్’, అమ్మాయిలను ‘ఒనేసన్’ అంటారు. చిన్నపిల్లల కోసం జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1959 నుంచి నడుపుతున్న కార్యక్రమంలో పాడేవాళ్లకి పాటల ఒనేసన్, పాటల ఒనీసన్ అనే పేరు. ఆటోవాణ్ణి ‘అన్నా’ అని పిలిచే మనకు ఇది కొత్త కాదు. తేడా ఒకటే, మనం ‘తమ్ముడూ, ఇటు రా’ అని తెలియనివాణ్ణి కూడా పిలుస్తాం, జపనీస్‌లో ఆ దారి మూసేసి ఉంది.

ఒనేసన్ ఎక్కడ ఆగి ‘ఒబసన్’ ఎక్కడ మొదలవుతుందన్నది అక్కడా పెద్ద తలనొప్పే. ఒబసన్ అంటే అత్తో పిన్నో, వీధిలో అయితే నడివయసావిడ. ముప్పయ్యేళ్లావిడని మొదటిసారి ‘ఆంటీ’ అన్న కుర్రాడికి ఏమవుతుందో తెలిసినవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు.

## ‘అని’కి అన్నతో చుట్టరికం ఉందా?

వాట్సాప్‌లో తిరిగే ఒక వాదన ఉంది. జపనీస్ ‘అని’, మన ‘అన్న’ ఒకే మూలం నుంచి వచ్చాయని. తమిళానికీ జపనీస్‌కీ సంబంధం ఉందని వాదించిన జపనీస్ పండితుడు ఒకాయన నిజంగానే ఉన్నారు, ఒనొ సుసుము. ఆయన వాదన మీద చాలా చర్చ జరిగింది, చారిత్రక భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఒకటి రెండు పొట్టి మాటలు కలవడం రుజువు కాదు. టర్కిష్‌లో ‘అన్నె’ అంటే అమ్మ. వినడానికి అది ‘అని’ కన్నా మన అన్నకే దగ్గర, కానీ దాన్నిబట్టి ఎవరూ టర్కీతో చుట్టరికం కలపరు.

పాత జపనీస్ లెక్కలు చూస్తే ఈ పోలిక ఇంకా బలహీనపడుతుంది. 8వ శతాబ్దంలో కూర్చిన మన్యోషూ అనే 4,500 పైచిలుకు కవితల సంకలనంలో మగవాడు సోదరిని ‘ఇమొ’ అంటాడు, పెద్దదా చిన్నదా అన్న పట్టింపు లేకుండా. ఆడమనిషికి సోదరుడు ‘సె’. ప్రేయసీ ప్రియులకీ, భార్యాభర్తలకీ ఇవే మాటలు. ‘ఒతొ’ అంటే తనలాంటివాళ్లలో చిన్నవాళ్లు, అంటే అన్నకు తమ్ముడు, అక్కకు చెల్లెలు. ఆ ఒతొకి మనిషి అనే ‘హితొ’ చేరి ఒతోతో అయింది. అందుకే పాత కథల్లో ఒకావిడ తన చెల్లెల్ని ‘ఒతోతో’ అంటే అది రాతలో పొరపాటు కాదు. అప్పట్లో అడిగే ప్రశ్న వేరు: మాట్లాడేవాళ్లూ వాళ్లూ ఇద్దరూ ఆడవాళ్లేనా, ఇద్దరూ మగవాళ్లేనా, లేక ఒకరు ఆడా ఒకరు మగానా అని. ఇప్పుడు మనకు తెలుగులాగా కనిపిస్తున్న నాలుగు గళ్లు తర్వాత కుదురుకున్నవి.

## అందరినీ కలిపి ఏమనాలి?

మనకు తోబుట్టువులు అన్న చక్కటి మాట ఉంది, ఆడా మగా ఎవరైనా ఇముడుతారు. జపనీస్‌లో ఆ పని ‘క్యోదై’ చేస్తుంది. కానీ దాన్ని రాసే చైనా అక్షరాలు రెండూ అన్న, తమ్ముడు. నలుగురూ ఆడపిల్లలే ఉన్న ఇంటికెళ్లి “క్యోదై ఎంతమంది?” అని అడిగినా మాటలో తేడా రాదు, రాసినప్పుడే ఎబ్బెట్టు. అక్కచెల్లెళ్లకి విడిగా ‘షిమై’ ఉంది, మన సిస్టర్ సిటీలు కూడా అక్కడ షిమై నగరాలే. అన్నాచెల్లెళ్లు, అక్కాతమ్ముళ్లు అని రెండేసి అక్షరాలు మార్చి రాసి, అన్నిటినీ క్యోదై అనే చదివే పద్ధతీ ఉంది.

సివిల్ కోడ్ అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు నాలుగు అక్షరాలనూ వరసగా పెట్టేస్తుంది. లాయర్లు దాన్ని ‘కేతే షిమై’ అని చదువుతారు, మామూలు జనం ‘క్యోదై షిమై’ అంటారు. దరఖాస్తుల్లో, పత్రికల్లో చాలాచోట్ల చైనా అక్షరాలు వదిలేసి ధ్వనిని మాత్రమే తెలిపే హిరగన లిపిలో క్యోదై అని రాస్తారు. వైకల్యం ఉన్న పిల్లల తోబుట్టువులను ‘క్యోదైజి’ అంటారు. వాళ్ల కోసం పనిచేసే సంఘాలు కూడా ఆ మాటను ఎక్కువగా హిరగనలోనే రాస్తాయి, లేకపోతే చూడగానే మగపిల్లల సంగతి అనిపిస్తుంది.

2023లో జపాన్ సంతాన రేటు 1.20. ఏ తోబుట్టువూ లేని ‘హితొరిక్కొ’ పిల్లలు ‘ఒనీచన్’ అన్న మాటను పక్కింటి అబ్బాయి మీదో, పేరు ముందు చేర్చి ఇతొకొ వరసవాడి మీదో వాడతారు. ‘అని’ వాడే అవసరం వాళ్లకి ఎలాగూ రాదు.